పండుకు దాని వంతు ఇద్దాం

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు ఉడికించిన గుడ్డు పెడతారు. గుడ్డు తినని ఇళ్ల పిల్లలకు దాని బదులు అరటిపండో, 2025లో ఆపేసే దాకా వేరుశనగ చిక్కీయో ఇస్తూ వచ్చారు. ఎవరి ఆచారానికీ ఇబ్బంది రాకూడదు, ఏ బిడ్డా చిన్నబుచ్చుకోకూడదు అన్న ఆలోచన మంచిదే. ఆ మూడింటినీ ఒకే తూకంలో వేయడంతోనే చిక్కు. గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మధ్యరకం అరటిపండులో ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే. 30 గ్రాముల చిక్కీలో దాదాపు 4 గ్రాములు ఉంటుంది. గుడ్డు తినని బిడ్డకు చిక్కీ ఆ లోటు కొంతవరకు తీరుస్తుంది, అరటిపండు తీర్చలేదు. అలాగని పండు వద్దని కాదు. పండు పెట్టిన చేత్తోనే గ్లాసెడు పాలో, గుప్పెడు ఉడికిన శనగలో కూడా పెట్టాలి.

పొద్దున్నే లేచి ఒళ్లు వంచే పెద్దవాళ్లకూ పండు విషయంలో ఇలాంటి తికమకే ఉంది. పార్కులో గంటసేపు నడిచి, నాలుగు దండీలు తీసి, ఇంటికొచ్చి గిన్నెడు పండ్ల ముక్కలు తిని ఒంటికి కావలసిందంతా అందిందనుకునేవారు ఒకవైపు. జిమ్ముల్లో బరువులెత్తే కుర్రాళ్లు ఇంకోవైపు. ‘పండులో షుగర్ ఉంది, మానెయ్’ అని ట్రైనర్ చెప్పిన మాటకు కట్టుబడి, మామిడి కాలమంతా నోరు కట్టుకుని, ఆ డబ్బుతో ప్రొటీన్ పొడి డబ్బాలు కొనుక్కుంటారు. మొదటివారు పండును ఎక్కువగా నమ్ముతున్నారు, రెండోవారు అసలే నమ్మడం లేదు. రెండూ పొరపాట్లే. అయితే రెండో పొరపాటు ఇప్పుడు ఊళ్ల దాకా పాకింది కాబట్టి దాని గురించే ముందు మాట్లాడుకోవాలి.

1966లో స్టాక్‌హోమ్‌లో యోనాస్ బెరిస్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు తమ ఒంటి మీదే ఒక ప్రయోగం చేసుకున్నారు. వ్యాయామ సైకిలు ఒక్కటే. ఇద్దరూ చెరోవైపు కూర్చుని, చెరొక కాలితో, ఇక ఆ కాలు కదలదనే దాకా తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా ఉన్న తిండి తింటూ, రెండు తొడల నుంచీ సూదితో పిసరంత కండ తీసి పరీక్షించుకున్నారు. కండరంలో చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. తొక్కిన కాలిలో ఆ నిల్వ దాదాపు ఖాళీ అయిపోయింది. మూడు రోజులు గడిచేసరికి అదే కాలిలో నిల్వ, విశ్రాంతిగా ఉన్న కాలితో పోలిస్తే రెట్టింపు అయింది. తిన్న తిండి ఒకటే, మనిషీ ఒకడే. రక్తంలోకి వచ్చిన చక్కెరను చెమటోడ్చిన కండ ఎక్కువగా లాక్కుంది, ఖాళీగా ఉన్న కండ లాక్కోలేదు.

వ్యాయామం తర్వాత పండు తింటే అందులోని చక్కెరంతా కొవ్వుగా మారిపోతుందని భయపెట్టేవారికి ఈ ఆరు దశాబ్దాల నాటి ప్రయోగమే జవాబు. కష్టపడిన కండరం ఆ సమయానికి చక్కెర కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పెద్దవాళ్ల కండరాలన్నింటిలో కలిపి సుమారు 400 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాముల గ్లైకోజెన్ పడుతుంది. గట్టి పరుగు తర్వాత అది పూర్తిగా నిండటానికి, తగినంత తిండి తింటే, దాదాపు ఒక రోజు పడుతుంది. పండులో గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ ఉంటాయి. గ్లూకోజు కండరానికి చేరుతుంది. ఫ్రక్టోజు ప్రధానంగా కాలేయంలో ఖర్చవుతుంది, అక్కడి నిల్వను త్వరగా నింపుతుంది. రెండు గోదాములకూ ఒకేసారి సరుకు దించే తిండి ఇది. అన్నం, ఇడ్లీ లాంటి పిండి తిండిలో ఫ్రక్టోజు ఉండదు.

పళ్లన్నీ ఒకే రకంగా పనిచేయవు. వంద గ్రాముల అరటిపండులో 23 గ్రాముల పిండిపదార్థం ఉంటే, సపోటాలో 20, మామిడిలో 15, బొప్పాయిలో 11, పుచ్చకాయలో 7 నుంచి 8 గ్రాములే ఉంటుంది. పుచ్చకాయ దాదాపు నీళ్లే. ఎండలో ఆడి వచ్చినవాడి దాహానికి పనికొస్తుంది గానీ ఖాళీ అయిన కండను నింపడానికి చాలదు. జామలో వందకు 5 గ్రాముల దాకా పీచే కాబట్టి త్వరగా అరగదు. అరటిలోనూ కాయకూ పండుకూ తేడా ఉంది. పచ్చికాయలో ఉన్న పిండి పండే కొద్దీ చక్కెరగా మారుతుంది. తొక్క మీద మచ్చలు పడిన పండును ఇంట్లో పక్కన పెట్టేస్తుంటారు. పరుగెత్తి వచ్చినవాడికి త్వరగా అరిగి శక్తినిచ్చేది అదే.

ఇంత హడావుడిగా నింపుకోవాల్సిన అవసరం ఎవరికి ఉంది? ఆఫీసుకు వెళ్లే ముందు ముప్పావుగంట బరువులెత్తే ఉద్యోగికి లేదు. అలాంటి కసరత్తులో కండరంలోని గ్లైకోజెన్ పావు వంతు నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది. రెండు పూటలా అన్నమో రొట్టెలో తినే మనిషికి అది మర్నాటికి దానంతటదే నిండిపోతుంది. అవసరం ఉన్నది ఒకే రోజు రెండుసార్లు ఒళ్లు వంచేవాళ్లకు. ఉదయం, సాయంత్రం కోర్టులో దిగే బ్యాడ్మింటన్ పిల్లలకు, టోర్నమెంటులో పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకో మ్యాచ్ ఆడే కబడ్డీ జట్లకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి ‘ఈవెంట్స్’ ప్రాక్టీసు చేసే యువతీ యువకులకు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్రాల మైదానాలు తెల్లవారకముందే ఈ చివరి వర్గంతో నిండిపోతాయి. పొద్దున పరుగు, సాయంత్రం లాంగ్ జంప్ లాంటివి. చాలామంది ఊళ్ల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటారు. రెండు ప్రాక్టీసుల మధ్య ఎనిమిది గంటల కంటే తక్కువ వ్యవధి ఉంటే మొదటి నాలుగు గంటల్లో గంటకు, కిలో శరీర బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి మొదటి గంటలో 60 నుంచి 72 గ్రాములు. రెండు అరటిపళ్లు, నాలుగు ఇడ్లీలు తింటే ఆ లెక్క దాటిపోతుంది. దీనికి ఏ డబ్బా అక్కర్లేదు.

పండు చాలదేమో, రంగు రంగుల స్పోర్ట్స్ డ్రింక్ కావాలేమో అని అనుమానపడేవారికి 2012 నాటి ఒక అమెరికా అధ్యయనం ఉంది. ఉత్తర కరోలినాకు చెందిన డేవిడ్ నీమన్ బృందం 14 మంది శిక్షణ పొందిన సైక్లిస్టులను 75 కిలోమీటర్లు తొక్కించింది. ఒకసారి పావుగంటకోసారి అరటిపండు, నీళ్లు ఇచ్చింది. ఇంకోసారి అంతే పిండిపదార్థం ఉన్న డ్రింక్ ఇచ్చింది. రెండుసార్లూ వాళ్లు ఆ దూరం పూర్తి చేసిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది అరటిపళ్లు అమ్మే డోల్ కంపెనీ. ఆ సంగతి పాఠకులు తెలుసుకోవాలి. ఆ బృందమే తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో, పండు తింటూ తొక్కినవారికి కడుపు ఉబ్బరంగా అనిపించిందని కూడా తేలింది. తొక్కేటప్పుడు తినడం వేరు, తొక్కడం అయిపోయాక తినడం వేరు. తర్వాత తినేవారికి ఆ ఉబ్బరం అంత బాధ కాదు.

ఇక కండ సంగతి. కుర్రాళ్లకు అసలు ఆసక్తి దీని మీదే. ఇక్కడ పండును పొగిడేవారు కాస్త తగ్గాలి.

బరువులెత్తినప్పుడు కండర పోగులు కొంత దెబ్బతింటాయి. ఒళ్లు వాటిని బాగుచేసుకుంటూ, కొత్త ప్రొటీన్‌ను చేర్చుకుంటూ కండను లావు చేస్తుంది. అందుకు ముడిసరుకు అమైనో ఆమ్లాలు. అవి ప్రొటీన్ నుంచే రావాలి. పళ్లలో కాస్త మెరుగైన జామలో కూడా వంద గ్రాములకు రెండున్నర గ్రాములే. 2018లో మోర్టన్ అనే పరిశోధకుడి బృందం 49 అధ్యయనాలను, 1863 మందిని కలిపి చూసి ఒక అంచనాకు వచ్చింది. బరువులతో కసరత్తు చేసేవారికి రోజుకు, కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా ఉపయోగం కనిపిస్తుంది, ఆపైన తిన్నా సగటున పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. 65 కిలోల కుర్రాడికి అది 104 గ్రాములు. జామపళ్లతో ఆ లెక్క చేరాలంటే రోజుకు నాలుగు కిలోలకు పైగా తినాలి.

ప్రొటీన్‌తో పాటు చక్కెర కూడా పడితే ఇన్సులిన్ పెరిగి కండ ఇంకా త్వరగా కడుతుందని జిమ్ముల్లో ఒక మాట ఉంది. దాన్నీ పరీక్షించి చూశారు. 25 గ్రాముల పాల ప్రొటీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు, దానికి 50 గ్రాముల పిండిపదార్థం కలిపి ఇచ్చినప్పుడు, కండరంలో కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగం ఒకేలా ఉందని 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. అంతకు ముందు, 2007లో, అక్కడివారే 56 మంది యువకులతో 12 వారాలు బరువులు ఎత్తించారు. కసరత్తు కాగానే కొందరికి వెన్న తీసిన పాలు, కొందరికి సోయా పానీయం, కొందరికి పిండిపదార్థపు నీళ్లు ఇచ్చారు. కండ అందరికీ పెరిగింది. అందరికంటే ఎక్కువగా పెరిగింది పాలు తాగినవారికి. కసరత్తు తర్వాత పండ్ల ముక్కలు మాత్రమే తిని లేచేవారు ఈ మూడో గుంపు లాంటివారే. పండు పక్కన ప్రొటీన్ ఉండాలి, లేకపోతే చేసిన కష్టంలో కొంత వృథా.

పండు పక్కన ఏం ఉండాలన్నది తెలుగువారు ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. పెరుగన్నంలో అరటిపండు నంజుకోవడం, మామిడిపళ్ల కాలంలో పెరుగన్నంతో బంగినపల్లి ముక్కలు తినడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. దాన్ని క్రీడా పోషణ కళ్లతో ఒకసారి చూడాలి. 150 గ్రాముల అన్నంలో 4 గ్రాముల ప్రొటీన్, 40 గ్రాములకు పైగా పిండిపదార్థం. 200 గ్రాముల పెరుగులో 6 నుంచి 7 గ్రాముల ప్రొటీన్. అరటిపండులో 27 గ్రాముల పిండిపదార్థం, గ్రాముకు పైగా ప్రొటీన్. పెరుగులోని నీరు, వేసుకున్న ఉప్పు చెమటలో పోయినదాన్ని కొంత పూడుస్తాయి. పక్కన 30 గ్రాముల వేయించిన పల్లీలు పెట్టుకుంటే ఇంకో 7 గ్రాములకు పైగా ప్రొటీన్ చేరుతుంది. మొత్తం 19, 20 గ్రాములు. కసరత్తు తర్వాతి భోజనంలో కిలో బరువుకు 0.3 గ్రాములు ఉండాలంటారు. 65 కిలోల మనిషికి ఈ కంచం సరిపోయింది. అన్నంలోని, పల్లీలలోని ప్రొటీన్ నాణ్యతలో పాలకు కాస్త వెనకబడుతుంది కాబట్టి పెరుగు ఇంకాస్త ఎక్కువ వేసుకోవడమో, గుడ్డు తినేవారు ఒకటి చేర్చుకోవడమో మంచిది. గుడ్డు తింటే పచ్చసొన పారేయకూడదు. తెల్లసొన ఒక్కటే తిన్నప్పటి కంటే మొత్తం గుడ్డు తిన్నప్పుడు కండరం ఎక్కువ ప్రొటీన్ తయారుచేసుకుంటుందని 2017 నాటి ఒక ప్రయోగంలో తేలింది.

ఇందులో తొందర కూడా అంత అవసరం లేదు. కసరత్తు ముగిసిన అరగంటలోగా మింగకపోతే అంతా పోయినట్టేనన్న భయం పొడి అమ్మేవారికి లాభం. 2013లో షోన్‌ఫెల్డ్, అరగాన్, క్రీగర్ అనే పరిశోధకులు ఈ గడువును పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, రోజు మొత్తంలో తిన్న ప్రొటీన్ ఎంత అన్నదే ముఖ్యమని, ఆ చిన్న గడువుకు విడిగా పెద్ద బలం లేదని తేలింది. మైదానం నుంచి గదికి వెళ్లి, స్నానం చేసి, కూర్చుని తిన్నా నష్టం లేదు.

నొప్పులు తగ్గించే పళ్ల గురించి ఈమధ్య చాలా వింటున్నారు. లండన్ మారథాన్ పరుగెత్తిన 20 మందిలో పుల్ల చెర్రీ రసం తాగినవారికి కండర బలం త్వరగా తిరిగి వచ్చిందని 2010లో ఒక అధ్యయనం వచ్చింది. దానిమ్మ రసం మీద టెక్సస్‌లో చేసిన ప్రయోగంలో చేతి కండరాల నొప్పి, నీరసం తగ్గాయి గానీ కాళ్ల విషయంలో తేడా కనిపించలేదు. పుచ్చకాయ రసం తాగినవారికి మర్నాటి నొప్పి తగ్గిందన్న స్పెయిన్ అధ్యయనంలో పాల్గొన్నది ఏడుగురే. ఇంత కొద్దిమంది మీద చూసిన ఫలితాలతో ఖరీదైన చెర్రీ రసం సీసాలు తెప్పించుకోవడం దండగ. అనంతపురం దానిమ్మ, వేసవిలో రోడ్డు పక్కన గుట్టలు పోసే పుచ్చకాయ ఎలాగూ అందుబాటులో ఉన్నాయి, రుచిగా ఉన్నాయి, వాటిని తినడానికి ఆ కారణాలే చాలు. నొప్పి తగ్గితే అదనపు లాభం.

విటమిన్ సి మాత్రం వేరే కథ, కాస్త ఆగి చూడాల్సిన కథ. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుల్లో ఉండేది కొల్లాజెన్. విటమిన్ సి లేకుండా ఒళ్లు దాన్ని సరిగ్గా తయారుచేసుకోలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. సగం కాయ తిన్నా ఆ రోజుకు సరి. మంచిదే కదా అని 1000 మిల్లీగ్రాముల మాత్రలు రోజూ వేసుకునేవారున్నారు. నార్వేలో 54 మందికి 11 వారాలు ప్రధానంగా పరుగు శిక్షణ ఇస్తూ కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతో పాటు విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివారి కండరాల్లో, శక్తిని పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతున్న గుర్తులు కనిపించాయి. వేసుకున్నవారిలో అవి కనిపించలేదు. ఓపిక రెండు గుంపుల్లోనూ ఒకేలా పెరిగింది కాబట్టి మాత్రలు హాని చేశాయని తేల్చి చెప్పలేరు. అయినా శ్రమ వల్ల ఒంటి మీద పడే చిన్న ఒత్తిడే ఒంటిని బలపడమని చెప్పే సంకేతమైనప్పుడు, ఆ సంకేతాన్ని పెద్ద మోతాదు మందులతో నొక్కేయడంలో అర్థం లేదు. జామకాయ, ఉసిరి, బత్తాయి తినడంలో ఆ భయం లేదు.

పిక్క పట్టేస్తే అరటిపండు తినమని ప్రతి మైదానంలోనూ ఎవరో ఒకరు చెబుతారు. అరటిలో పొటాషియం ఉన్న మాట నిజమే, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైన. తిన్న వెంటనే పట్టు వదులుతుందన్నది మాత్రం నిజం కాదు. ఒకటి రెండు పళ్లు తిన్నాక గంట గడిచినా రక్తంలో పొటాషియం పెరిగేది నామమాత్రమేనని 2012లో కొలిచి చూశారు. పట్టేసిన కండరాన్ని మెల్లగా సాగదీయడమే ఆ క్షణానికి వైద్యం. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, అంటే ఉప్పు. పొటాషియం దానిలో చిన్న వంతే. పండ్లలో సోడియం దాదాపు ఉండదు. కొబ్బరినీళ్లలోనూ పొటాషియమే ఎక్కువ. ఎండలో గంటకు మించి చెమటోడ్చినవారు ఉప్పు వేసిన మజ్జిగ తాగడం, జామకాయ ముక్కల మీద ఉప్పూకారం చల్లుకోవడం తెలివైన పని. బీపీ ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగాకే.

పండు తినాలి, రసం చేసుకుని తాగకూడదు అన్న సలహాను మాత్రం గట్టిగానే చెప్పాలి. జ్యూస్ షాపులో గ్లాసులోకి వచ్చేది పండు తక్కువ, పంచదార, ఐసు ఎక్కువ. పీచు జల్లెడలోనే ఉండిపోతుంది. ఇంట్లో పాలు, మచ్చల అరటిపండు కలిపి చేసుకునే షేక్ వేరు, అందులో పీచు, ప్రొటీన్ రెండూ ఉంటాయి, విడిగా పంచదార అక్కర్లేదు. పాలు, పండు కలపకూడదన్న నమ్మకం ఉన్నవారికి పెరుగు, పల్లీలు ఉన్నాయి. మధుమేహం ఉన్నవారు వ్యాయామం తర్వాత పండు తినొచ్చో లేదో, ఎంత తినొచ్చో తమ మందులను బట్టి డాక్టరుతో తేల్చుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ప్రమాదం కావచ్చు, ఈ వ్యాసంలోని అంకెలు వారికి కాదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల తిండిలో 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దనీ అందులోనే చెప్పింది. ఆ వంద గ్రాములు కూడా అందని వసతి గృహాలు ఎన్నో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ క్రీడా హాస్టళ్లలో, గురుకులాల్లో ఆటల గంట తర్వాత పిల్లలకు పెట్టే చిరుతిండిని ఒకసారి తూకం వేసి చూడాలి. ఒక పండు, ఒక గుడ్డు లేదా గిన్నెడు ఉడికిన శనగలు, గ్లాసెడు ఉప్పు మజ్జిగ పెట్టడం ప్రభుత్వాలకు భారం కాదు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు శిక్షణ ఇచ్చే కోచింగ్ కేంద్రాలు వసూలు చేసే ఫీజులో ఈ తిండినీ చేర్చవచ్చు. అరటి దండిగా పండే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. రావులపాలెం మార్కెట్లో గెలలు లారీలకెక్కి దూరపు రాష్ట్రాలకు వెళుతుంటాయి. ఆ గెలల్లో కొన్ని దగ్గరి మైదానాలకు, హాస్టళ్లకు చేరేలా ఉద్యాన శాఖ, సంక్షేమ శాఖ కలిసి ఏడాది పొడవునా ఒప్పందం చేసుకోవచ్చు. మామిడి, సీతాఫలం, బత్తాయి వచ్చే నెలల్లో అరటి బదులు అవి ఇవ్వొచ్చు. జిమ్ యజమానులు పొడి డబ్బాలు పేర్చిన అద్దాల అలమరాలో ఒక అర ఖాళీ చేసి, ఉడికిన గుడ్లు, గుగ్గిళ్లు, పళ్లు అమ్మినా కుర్రాళ్లు కొంటారు.